బడి లెక్క చూచు విధము

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. 2022లో తిరుపతి ప్రత్యేక జిల్లా అయ్యెను. హద్దులెన్ని మారినను గ్రామస్థుని ప్రశ్న ఒక్కటే: మా మండలపు బడులలో పిల్లలకు చదువు వచ్చుచున్నదా?

ఉత్తీర్ణతా శాతమొక్కటే దీనికి జవాబు కాజాలదు. పదవ తరగతి పరీక్షకు 8 మంది కూర్చున్న బడిలో ఒక్కరు తప్పినచో ఫలితము 87.5 శాతము, 80 మంది కూర్చున్నచోట ఒక్కరు తప్పినచో 98.75 శాతము. తప్పినది రెండుచోట్లను ఒక్కరే! కావున శాతముతోపాటు పిల్లల సంఖ్యను, వారి స్థితిగతులను చూడవలెను. కుప్పం ప్రాంతమున ఇంట తమిళమో, కన్నడమో మాటలాడుచు బడిలో తెలుగు చదువు పిల్లలు కలరు. వారి శ్రమ శాతములో కనబడదు. నడుమ బడి మానిన బాలిక పేరు ఉత్తీర్ణుల పట్టికలోను ఉండదు, తప్పినవారి పట్టికలోను ఉండదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు. సభ్యులలో సగము స్త్రీలు.

సోదర సోదరీమణులారా! రాబోవు సమావేశమున మూడు ప్రశ్నలడుగుడు: చేరినవారెందరు? నేడు వచ్చినవారెందరు? మానినవారెవరు? మూడవ ప్రశ్నకు పేరు వినబడినచో, ఆ సాయంకాలమే వారి యింటి గడప త్రొక్కుడు.