బృహద్ధమని ఉబ్బితే ఆపరేషన్ ఎప్పుడు?

శరీరంలో అతి పెద్ద ధమని బృహద్ధమని. దాని గోడ బలహీనపడి ఉబ్బడమే ఎన్యూరిజం. చాలామందిలో లక్షణాలుండవు, స్కానింగ్‌లో బయటపడుతుంది. చీలే ముప్పు ఆపరేషన్ ముప్పును మించినప్పుడే ముందస్తు శస్త్రచికిత్స చేస్తారు.

సాధారణ ప్రమాణాలు (ఉబ్బిన చోట వ్యాసం):
- ఆరోహణ బృహద్ధమని: 5.5 సెం.మీ.
- మార్ఫన్ సిండ్రోమ్ (ఎఫ్‌బీఎన్1 జన్యులోపం, 15వ క్రోమోజోమ్): 5 సెం.మీ.
- ఉదర భాగం: పురుషుల్లో 5.5, స్త్రీలలో 5 సెం.మీ.
- ఏడాదిలో 0.5 సెం.మీ. పెరిగితే అంతకంటే ముందే.

ముప్పు పెంచేవి: అధిక రక్తపోటు, పొగతాగడం.

గుర్తుంచుకోండి:
- ఐన్‌స్టీన్ 1955లో మరణించింది ఉదర బృహద్ధమని చీలడం వల్లే.
- గుండె శస్త్రచికిత్స విభాగమున్న తిరుపతి స్విమ్స్ 1993లో ప్రారంభమైంది. 1995లో విశ్వవిద్యాలయ హోదా పొందింది.

మాదిరి ప్రశ్న: బృహద్ధమని గుండెలో ఏ గది నుంచి బయల్దేరుతుంది?
జవాబు: ఎడమ జఠరిక