గుర్రపుడెక్క పీకితే చాలదు



కొల్లేటి ఊళ్లలో పుట్టి పెరిగిన వారికి గుర్రపుడెక్క గురించి వేరే చెప్పనక్కరలేదు. ఊదారంగు పూలతో చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది కమ్మిన కాలువలో దోనె కదలదు, వల పడదు, అడుగున చేపకు ఊపిరాడదు. మనుషులు నడుంలోతు నీళ్లలో దిగి, దాన్ని లాగి గట్టున పోస్తారు. కొన్ని నెలలు తిరిగేసరికి నీరు మళ్లీ కనబడదు. ఎందుకని? ఒక్క మొక్క మిగిలినా అది పిలకలు వేసి పాకుతుంది. దాని విత్తనం బురదలో ఏళ్ల తరబడి ఉండి కూడా మొలుస్తుంది. ఊరి మురుగు, చేలల్లోని ఎరువు నీరు దానికి మేత. నీరు కదలక నిలిచిన చోట అది మరీ బలుస్తుంది.

మన చెడు అలవాట్ల సంగతి కూడా ఇంతే.

ఊడ్చిన ఇల్లు

మత్తయి సువిశేషం 12వ అధ్యాయం 43 నుండి 45 వచనాలలో క్రీస్తుప్రభువు ఒక ఇంటి గురించి చెప్పారు. అపవిత్రాత్మ ఒక మనిషిని విడిచిపోతుంది. విశ్రాంతి దొరకక తిరిగి వస్తుంది. వచ్చి చూస్తే ఇల్లు ఊడ్చి, సర్ది ఉంది. కానీ ఖాళీగా ఉంది! వెంటనే తనకంటె చెడ్డవైన మరో ఏడు ఆత్మలను వెంటబెట్టుకొని వచ్చి కాపురం పెడుతుంది. ఆ మనిషి స్థితి మునుపటికంటె అధ్వాన్నమవుతుంది. ఇక్కడ ప్రభువు తప్పుపట్టింది ఊడ్చడాన్ని కాదు, ఊడ్చి ఖాళీగా వదిలేయడాన్ని.

విభూది బుధవారం నాడు నుదుట విభూది పెట్టించుకొని, ఇక సీసా ముట్టనని మాట ఇచ్చే తండ్రులు మన విచారణలలో ఎందరో ఉన్నారు. నలభై రోజులు మాట నిలుపుకుంటారు. శుక్రవారం సిలువ మార్గంలో నడుస్తారు. గౌరీపట్నం నిర్మలగిరికి వెళ్లి మరియతల్లి ముందు మోకరిల్లుతారు. ఆ నలభై రోజులూ ఇంట్లో పిల్లలు భయం లేకుండా నవ్వుతారు. పాస్కు పండుగ సాయంత్రానికి మళ్లీ పాత స్నేహితులు, పాత అంగడి! సోమవారం ఉదయం ఆ ఇల్లాలి ముఖం చూసిన వారికి ఈ పాఠం వేరే అక్కరలేదు. ఆయన తపస్సు దొంగ తపస్సు కాదు. ఇల్లు నిజంగానే ఊడ్చాడు. నింపడం మరిచాడు.

మన రాష్ట్ర చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకోవడానికి కూడిన స్త్రీలు సారా అంగడి మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ తల్లుల పోరాటం వృథా అని మేము అనము. ఎన్నో ఇళ్లలో అన్నం ఉడికింది. కానీ చట్టం అంగడిని మూయగలదు, మనసులోని ఖాళీని నింపలేదు.

నింపుకొన్న ఒక కూలీ

ఐర్లండులోని డబ్లిన్ నగరంలో 1856లో మాట్ టాల్బొట్ పుట్టాడు. పేద కూలీ. పసితనంలోనే మద్యం సీసాల గిడ్డంగిలో పనికి చేరి తాగుడు మరిగాడు. 1884లో, 28 ఏళ్ల వయసులో, చేతిలో డబ్బు లేక అంగడి బయట నిలబడితే, అతని చేత తాగిన స్నేహితుల్లో ఒక్కడూ లోపలికి రమ్మనలేదు. ఆ రోజే ఇంటికి వెళ్లి తల్లితో చెప్పి ప్రతిజ్ఞ చేశాడు. మొదట మూడు నెలలకే! అవి గడిచాక పొడిగించాడు. చివరకు జీవితాంతానికి చేశాడు.

తాగుడు ఉన్న చోట ఏం పెట్టాడు? పనికి ముందు ప్రతి ఉదయం దివ్యపూజ. పని అయ్యాక దేవాలయంలో ప్రార్థన. పాత అప్పులు ఒక్కొక్కటే తీర్చాడు. దారిలో అంగడి పిలుస్తుందని జేబులో డబ్బు ఉంచుకోవడం మానేశాడు. నలభై ఏళ్లకు పైగా మాట నిలుపుకొని, 1925లో పూజకు వెళ్తూ దారిలోనే కన్నుమూశాడు. 1975లో తిరుసభ ఆయనను వందనీయునిగా ప్రకటించింది.

మనం చేయవలసినవి మూడు

మొదటిది, వేరుతో పీకాలి. పాపసంకీర్తనంలో "ఏదో చిన్న బలహీనత, స్వామీ" అని ఆకు మాత్రమే తుంచవద్దు. అలవాటును దాని పేరుతో చెప్పండి. తాగుడు, పేకాట, పొరుగింటి మీద చాడీలు, భర్తను లేక కోడలిని గుచ్చే మాట, అర్ధరాత్రి దాకా చేతిలో సెల్‌ఫోను: ఏదైనా సరే.

రెండవది, మురుగును ఆపాలి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే సోదరుడు కూలి డబ్బు అందగానే నేరుగా ఇంటికి వెళితే, సగం యుద్ధం గెలిచినట్లే. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గరకు "ఊరికే చూడడానికి" వెళ్లవద్దు. ఇంటి అవసరాలకు కావలసిన సొమ్మును హరించే జూదం తగదని 1992లో వెలువడిన తిరుసభ సత్యోపదేశ గ్రంథం స్పష్టంగా చెబుతోంది. ఆ పందెం సొమ్ము బిడ్డ స్కూలు ఫీజు కావచ్చు!

మూడవది, నీటిని పారనివ్వాలి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. ఆ దారి పూడుకుంటే ఊళ్లు మునుగుతాయి. మన హృదయం కూడా దేవుని వైపు, పొరుగువాని వైపు పారాలి. ఏ గంటకు అంగడికి వెళ్లేవారో, సరిగ్గా ఆ గంటకే ఇంటిల్లిపాదీ జపమాలకు కూర్చోండి. చాడీలు చెప్పుకొనే గంటలో మంచాన పడ్డ ఒక అవ్వను పలకరించి రండి.

మళ్లీ పడితే? లేవండి. గురువుల వద్దకు మళ్లీ వెళ్లండి. ఇంటివారు ఎత్తిపొడవకండి, నమ్మి సాయం చేయండి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణానికే ప్రమాదం కావచ్చు. కనుక వారిని డాక్టరు వద్దకు తీసుకువెళ్లండి. వైద్యం విశ్వాసానికి శత్రువు కాదు.

కుటుంబంలో ఆలోచించండి

1. మన ఇంట్లో ఊడ్చి ఖాళీగా వదిలేసిన చోటు ఏది?
2. ఆ అలవాటుకు మేత ఎక్కడి నుండి వస్తోంది?
3. ఈ వారం ఆ గంటను దేనితో నింపుదాం?

ప్రార్థన: ప్రభువా, మా ఇంటిని ఊడ్చే శక్తిని మాకు ఇవ్వండి. ఊడ్చిన ఇంట్లో మీరే వచ్చి నివసించండి. ఆమెన్.