స్టాంపు నీ కళ్ళతో చూడు

చి. స్రవంతికి, పెదనాన్న ఆశీస్సులు.

మలేసియాలో లంకావి చేరామని, రేవులో కట్టిన రోజంతా పనితోనే సరిపోయిందని నువ్వు రాసిన ఉత్తరం మీ నాన్న చదివి వినిపించాడు. డెక్ మీద ఉప్పు కడగడం, మంచినీళ్ళ ట్యాంకు నింపడం, డీజిల్ క్యాన్లు మోయడం, ఇంజన్‌కి కొత్త ఇంపెల్లర్ వెయ్యడం. వింటూ మీ పెద్దమ్మ, పిల్ల చేతులు ఎంత కమిలిపోయాయో అని ఒకటే బాధ. ఆ పనుల గురించి నాకు దిగుల్లేదు. మధ్యలో ఒక్క మాట రాశావు చూడు, స్కిప్పర్ అందరి పాస్‌పోర్టులూ పట్టుకుని ఆఫీసులకి వెళ్ళొచ్చాడు, నాకా గోల తప్పింది అని. రాత్రి నిద్ర పట్టలేదు తల్లీ.

ఆయన ఒక్కడే దిగడం తప్పు కాదు. పసుపు జెండా ఎగరేసుకుని వచ్చిన పడవలోంచి, అనుమతి వచ్చేదాకా మిగతావాళ్ళు గట్టెక్కకూడదన్నది చాలా దేశాల్లో ఉన్న పద్ధతే. మా పడవలో జబ్బుల్లేవు, రానివ్వండి అని అడగడమే ఆ జెండా. ఇమిగ్రేషన్, కస్టమ్స్, హార్బర్ మాస్టర్, అందరి దగ్గరా పని ముగిశాకే దాన్ని దించాలి. ఆయన తిరిగొచ్చాక నువ్వేం చేశావన్నదే నా ప్రశ్న. పాస్‌పోర్టు తెరిచి స్టాంపు చూశావా? ఎన్నాళ్ళు ఉండనిచ్చారో చదివావా? లేక సొరుగులో పడేసి మళ్ళీ బకెట్ పట్టుకున్నావా?

అంతకంటే ముఖ్యం, పడవలో ఉన్నవాళ్ళ పేర్లు రాసిచ్చే క్రూ లిస్టు. అందులో నీ పేరు ఎలా రాశారు? పడవలో అందరూ నిన్ను స్రవ్ అంటారట. ఆ పిలుపే కాగితం మీదికి ఎక్కితే కొంప మునుగుతుంది. అసలే మన పేర్లతో చిక్కు. ఇంటిపేరు ముందు రాస్తాం, బళ్ళో దాన్ని ఒక్క అక్షరం చేస్తారు, పాస్‌పోర్టుకొచ్చేసరికి అది మళ్ళీ పూర్తిగా విప్పి రాయాలి. కొందరికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. పరాయి దేశంలో కౌంటరు వెనక కూర్చున్న మనిషికి ఏది ఇంటిపేరో ఏది నీ పేరో ఎలా తెలుస్తుంది? పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. నంబరైతే వేలు పెట్టి ఒక్కో అంకే సరిచూసుకో. పుట్టినరోజు కూడా.

విశాఖలో షిప్పింగ్ ఏజెంటు దగ్గర బోర్డింగ్ క్లర్కుగా చేరిన కొత్తల్లో, ఓడ బయట లంగరు వేసి ఉంటే లాంచీలో వెళ్ళి తాడు నిచ్చెన ఎక్కేవాణ్ణి, భుజాన కాగితాల సంచీతో. కెప్టెన్ గదిలో పోర్టు హెల్త్ ఆఫీసరు, కస్టమ్స్ వాళ్ళు, ఇమిగ్రేషన్ వాళ్ళు బల్ల చుట్టూ కూర్చునేవారు. మందు సీసాలూ సిగరెట్లూ ఉన్న గదికి కస్టమ్స్ వాళ్ళు సీలు వేసేవారు. గ్రీకు ఓడల్లో కాఫీ ఎంత చిక్కగా ఉండేదో! ఒకసారి ఇంజన్ గదిలో పనిచేసే ఫిలిప్పీన్స్ కుర్రాడికి తండ్రి పోయాడని టెలెక్స్ వచ్చింది. టికెట్టు కొన్నారు. తీరా చూస్తే క్రూ లిస్టులో అతని పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. తేడా ఒక్కటే అక్షరం. కొత్త కాగితం రాయించి, కెప్టెన్ సంతకం పట్టుకుని, ఒడ్డుకెళ్ళి ముద్ర వేయించుకొచ్చేసరికి విమానం వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి సంచీ ఒళ్ళో పెట్టుకుని డెక్ మీదే కూర్చున్నాడు. నీకంటే చిన్నవాడు.

మన వైజాగ్ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య, 2017 సెప్టెంబర్‌లో తారిణి అనే తెరచాప పడవ మీద గోవాలో బయల్దేరి 2018 మేలో ప్రపంచం చుట్టొచ్చిన ఆ ఆరుగురిలో ఉన్నారు. వాళ్ళని చూసే నువ్వీ దారి పట్టావని నాకు తెలుసు. మీ నాన్న వద్దన్నప్పుడు వెళ్ళనీరా అన్నది నేనే. కానీ అమ్మా, వాళ్ళు నేవీ ఆఫీసర్లు. కేప్‌టౌన్‌లో ఆగినా, ఫాక్‌లాండ్స్‌లో ఆగినా వాళ్ళ వెనక ప్రభుత్వం ఉంది. నీకున్నది ఆ పాస్‌పోర్టు, ఆ లిస్టులో ఒక వరస.

ఫుకెట్‌లో పడవ దిగి విమానంలో వస్తానన్నావు. సిబ్బందిగా వచ్చిన మనిషి అలా మధ్యలో వెళ్ళిపోవాలంటే ముందు క్రూ లిస్టులోంచి పేరు తీయించుకోవాలి. స్కిప్పర్‌తో కలిసి ఇమిగ్రేషన్‌కి నువ్వే వెళ్ళు. పేరు అలాగే వదిలి నువ్వొచ్చేస్తే, పడవ బయల్దేరే రోజున ఒక మనిషి లెక్క తేలక ఆ స్కిప్పర్ దంపతులు ఇరుక్కుంటారు. నిన్ను కూతురిలా చూసుకుంటున్నారని రాశావు కదా. లంకావి వదిలేటప్పుడు ఇచ్చే పోర్టు క్లియరెన్సు కూడా ఒకసారి చదువు. ఏ రేవులోనైనా అడిగే మొదటి కాగితాల్లో అదొకటి, ఎక్కడినుంచి వచ్చారని.

డీజిల్ పోసేటప్పుడు వడపోత గరాటు వాడుతున్నారా? రాత్రి పడుకోబోయేముందు చేతులకి కొబ్బరినూనె రాసుకో. ఎండలో టోపీ తియ్యకు. వేళకి అన్నం తిను, బిస్కెట్లతో సరిపెట్టకు.

ఈ ఉత్తరం అందగానే క్రూ లిస్టు ఫోటో తీసి మీ నాన్న ఫోనుకి పంపు. అక్షరాలు స్పష్టంగా పడేలా తియ్యి. తప్పేమైనా ఉంటే మీరు లంకావిలో ఉండగానే దిద్దించుకోవచ్చు. అక్కడి వారం సెలవులు అడ్డం రాకుండా చూసుకుని వెళ్ళు.

ఆశీస్సులతో,
పెదనాన్న