ఫిజీ దీవులు: పేర్లు, పల్లెలు, తెలుగు చెఱకు రైతులు

మన విశాఖపట్టణమునకు ఆగ్నేయముగా, ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రములో ఫిజీ యను దీవుల గుంపు కలదు. సమోవా దీవులు దానికి ఈశాన్యమున నున్నవి. ఫిజీ చెఱకు పొలములలో మన తెలుగువారి చెమట చిందినది గనుక, ఆ దేశమునుగూర్చి యీ మాసము కొంత వ్రాయుచున్నాము.

ఆ దీవులు 300లకు పైబడియున్నను, జనులు కాపురమున్నవి ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. పెద్దవి రెండు: విటి లెవు, వనువా లెవు. ఆ భాషలో 'లెవు' అనగా పెద్ద, 'వనువా' అనగా నేల. మన పెదగంట్యాడ, పెదవాల్తేరు వంటి పేర్లే యివి. 'విటి' యను మాటను పొరుగున నున్న టోంగా దీవులవారు 'ఫిసి' యని పలుకగా, దానినుండి ఫిజీ యను పేరు పుట్టినది. ఇంగ్లీషు లిపిలో 'నాడి' యని వ్రాసిన ఊరిని అచ్చటివారు 'నంది' యనియు, 'లబాస'ను 'లంబాసా' యనియు పలుకుదురు.

విటి లెవు నడుమ కొండలున్నవి. ఆగ్నేయమునుండి వీచు గాలులు వానిని తాకి తూర్పువైపున మిక్కిలి వర్షించును. రాజధానియగు సూవా ఆ వైపుననే యున్నది. పడమట వాన తక్కువ, ఎండ హెచ్చు. చెఱకు పక్వమగుటకు పొడికాలము కావలయునని అనకాపల్లి రైతులకు మేము చెప్పనక్కఱలేదు. అందుచే పడమటి నంది, లౌతోకా ప్రాంతములు చెఱకు సీమలైనవి.

1879 మొదలు 1916 వఱకు 60,000లకు పైగా భారతీయులు 5 ఏండ్ల కూలి ఒడంబడికపై అచ్చటికి పోయిరి. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు సాగినవి. విశాఖపట్టణమునకు నేటి రేవు 1933లో గాని రాలేదు. కావున మన జిల్లావారును మద్రాసు చేరియే ఓడ నెక్కిరి. 'అగ్రిమెంటు' అను మాట వారి నోట 'గిర్మిట్' అయినది. 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుగల గదిలో ముగ్గురు మగవారు గాని, ఒక కుటుంబము గాని తలదాచుకొనవలసి వచ్చెను. మిగిలిన ఒడంబడికలు 1920 జనవరి 1వ తేదీన రద్దయినవి.

పిమ్మట పలువురు భూమిని కౌలునకు తీసికొని రైతులైరి. ఫిజీవారి పల్లెను 'కోరో' యందురు. అందు ఇండ్లన్నియు దగ్గఱగా నుండును. మనవారి యిండ్లు అట్లుగాక, ఎవరి చేనిలో వారివి విడివిడిగా నుండును. అయినను కోతకాలమున ఇరుగుపొరుగువారు ముఠాగా చేరి, వంతులవారీగా ఒకరి తోట నొకరు నఱికి మిల్లునకు పంపు పద్ధతి యేర్పడినది. 1941లో తెలుగువారు ఆంధ్ర సంఘమును గూడ స్థాపించుకొనిరి.

ఇచ్చట మనము గ్రహింపవలసినది యొకటి కలదు. ఫిజీలో నూటికి 80 పాళ్లకు మించిన భూమి అచ్చటి వంశముల ఉమ్మడి సొత్తు. దానిని కౌలున కీయవచ్చును గాని అమ్మరాదు. ఆ నేల వారి చేజారకుండ కాపాడిన యా కట్టడి మెచ్చదగినదే. అయితే చెఱకు రైతుల కౌలు గడువులు 1997 మొదలు తీరసాగినవి. తిరిగి కౌలు దొరకని కుటుంబములు తాము పెంచిన చెట్లను, కట్టుకొన్న యిండ్లను విడిచి పోవలసి వచ్చెను. వారి సేద్యమున లోపము లేదు. గడువు వారి చేతిలో లేదు, అంతే.

మేము తిరుగు గ్రామములలో నోటిమాటపై కౌలుచేయువారు నేటికిని కలరు. పది బండ్ల పెంట తోలి నేలను బాగుచేసిన పిమ్మట, మఱుసటి యేట దానిని వదలుకొన్నవారిని చూచితిమి. కౌలును వ్రాతమూలకముగా నుంచుకొనుడు. గడువు, శిస్తు, బావికిని చెట్లకును పెట్టిన ఖర్చు ఎవరిదో అందు స్పష్టముగా వ్రాయించుడు. ఆ పత్రమును మన సంఘ కార్యదర్శికి చూపి, నకలొకటి యింట భద్రపఱచుకొనుడు. సముద్రము దాటిన మనవారి కష్టమునుండి మనకు కలుగవలసిన మేలు ఇదియే.