ఎవరి బాణీ వారిది

వీధిలో అడుగుల చప్పుడు వినగానే వస్తున్నది తాతగారో, అన్నయ్యో ఇంట్లోవాళ్ళు చెప్పగలుగుతారు. తలుపు తీసి చూడనక్కరలేదు. తాతగారి నడక వేరు, అన్నయ్య నడక వేరు. సంగీతంలోనూ అంతే. రేడియోలో పాట మొదలైన కొద్ది క్షణాలకే, పేరు చెప్పకముందే, "ఇది ఫలానావారి పాట" అని రసికులు గుర్తుపడతారు. రాగం అదే, తాళం అదే, కృతి అదే. అయినా పాడే తీరులో ఆ మనిషికి మాత్రమే చెందినది ఏదో ఉంటుంది. ఆ తీరునే బాణీ అంటారు.

బాణీ ఎక్కడ నుండి వస్తుంది? పుట్టుకతో వస్తుందా? గురువు ఇస్తాడా? గొప్పవారిని చూచి అలాగే చేస్తే వస్తుందా? ఆంధ్రదేశంలో పెరిగి, మద్రాసు వేదికల మీద కీర్తి పొందిన ముగ్గురు విద్వాంసుల జీవితాలు ఈ ప్రశ్నకు సమాధానం చెబుతాయి.

సంగీత నగరం

1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటు ఒక సంగీత సదస్సు కూడా జరిగింది. ఆ సదస్సు ఫలితంగానే 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. నాటి నుండి డిసెంబరు సంగీతోత్సవాలు ఈ నగరానికి ఒక పండుగ అయినాయి. మైలాపూరు, త్యాగరాయనగరం మొదలైన చోట్ల సభలలో ఉదయం నుండి రాత్రి వరకు కచేరీలు సాగుతాయి. 1996లో మద్రాసు పేరు చెన్నైగా మారింది. 2017లో యునెస్కో సంస్థ తన సృజనాత్మక నగరాల జాబితాలో చెన్నైని సంగీతానికిగాను చేర్చుకొన్నది.

ఈ కచేరీలకు వెళ్ళిన తెలుగు పిల్లలకు ఒక వింత కనిపిస్తుంది. వేదిక మీద పాడే కృతులలో చాలా భాగం తెలుగువే! త్యాగరాజస్వామి కావేరీ తీరాన తిరువయ్యారులో నివసించారు. తన కృతులను తెలుగులో రచించారు. ఇంట్లో తమిళమో, కన్నడమో, మలయాళమో మాట్లాడే గాయకులు ఆ తెలుగు పదాల అర్థం అడిగి తెలుసుకొని, ఉచ్చారణ దిద్దుకొని పాడతారు. అమ్మ నోట రోజూ వినే మాట నిండుసభలో రాగమై వినిపిస్తే ఆ పిల్లల చెవులు వాటంతటవే నిక్కుతాయి. చాలామందికి సంగీతంతో మొదటి పరిచయం అలాగే కలుగుతుంది.

పాడిన వయొలిన్

వయొలిన్ మన దేశపు వాద్యం కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గరి మణలిలో ఉన్న రోజులలో ఐరోపా వాద్యకారుని వద్ద దానిని నేర్చుకొన్నారు. తర్వాత మన రాగాలను దాని మీద పలికించారు. క్రమంగా అది కర్ణాటక సంగీతంలో గాత్రానికి తోడు వాద్యమయింది. గాయకుడు పాడినదానిని వెంటనే అనుసరించడమే దాని పని.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో బెంగుళూరులో జన్మించి విశాఖపట్నంలో పెరిగారు. ఆయన కంటిచూపు మందం. చెవులు మాత్రం మహా చురుకు. 1919లో విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వెళ్ళారు. ఆయన వాదన విన్న పెద్దలు ఆయనను ఆచార్యునిగానే నియమించారు! 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత ఆ కళాశాలకే అధ్యక్షులయినారు.

నాయుడుగారి కమాను పొడవుగా, తెగకుండా సాగేది. స్వరానికీ స్వరానికీ మధ్య అతుకు కనిపించేది కాదు. గాయకుడు ఊపిరి బిగబట్టి ఒక పల్లవిని పాడినట్లే ఆయన వయొలిన్ పలికేది. అటువంటి వాద్యం ఎల్లకాలం పక్కవాద్యంగానే ఎందుకు ఉండాలి? 1938లో వేలూరులో ఆయన వయొలిన్‌నే ప్రధాన వాద్యంగా చేసి కచేరీ చేశారు. 1941లో మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1952లో మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట్లో ఆయన వయొలిన్ వాయించినప్పుడు, ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుది మెనూహిన్ విని ముగ్ధుడైనాడు. ఆ మహావిద్వాంసునికి, తన వాద్యమే మరొక భాషలో పాడుతున్నట్లు వినిపించి ఉంటుంది.

ఒరవడి ఉన్నా సొంత దారి

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో జన్మించారు. వారి తల్లి వీణ వాయించేవారు. ఆమె బిడ్డ పసితనంలోనే కన్నుమూశారు. తండ్రి పట్టాభిరామయ్యగారు కుమారుని విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి వద్ద చేర్చారు. పంతులుగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందినవారు. అంటే, అనుసరించడానికి బాలమురళికి ఎదుట గొప్ప ఒరవడి ఉంది.

ఆయన ఆ ఒరవడిని శ్రద్ధగా దిద్దారు. కాని అక్కడే ఆగలేదు. యౌవనంలోనే డెబ్బైరెండు మేళకర్త రాగాలలోనూ కృతులు రచించారు. గాత్రంతోపాటు వయొలా, మృదంగం, కంజిరా కూడా వాయించారు. మహతి, లవంగి వంటి కొత్త రాగాలను నాలుగు స్వరాలతోనే కల్పించారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలని నమ్మిన కొందరు పెద్దలు దీనిని ఒప్పుకోలేదు. వాదోపవాదాలు జరిగాయి. బాలమురళి మాత్రం పాడుతూనే ఉన్నారు. మంద్రం నుండి తారస్థాయికి అలవోకగా సాగే ఆ గొంతును, ప్రతి తెలుగు పదాన్నీ స్పష్టంగా పలికే ఆ తీరును శ్రోతలు ఇట్టే గుర్తుపట్టేవారు. 1978లో ఆయన సంగీత కళానిధి అయినారు. 1991లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో గౌరవించింది. 2016లో ఆయన చెన్నైలో కన్నుమూశారు.

ఒరవడి లేని బాలుడు

బాలమురళికి ముందు పెద్ద పరంపర ఉంది. అదేమీ లేని పిల్లవాడు ఏం చేయాలి? పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ కథ ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఒక మాండలిన్ ఉండేది. ఆరేళ్ళ శ్రీనివాస్ ఒకనాడు దానిని చేతిలోకి తీసుకొన్నాడు. ఇక వదలలేదు. కొడుకు చేతిలోని ఒడుపు చూచిన తండ్రి అతనిని తన గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి అప్పగించారు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు, గాయకులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు!

మరి పాఠం ఎలా సాగింది? గురువుగారు పాడేవారు. బాలుడు వినేవాడు. విన్నదానిని తీగ మీద వెదికేవాడు. దొరికేదాకా వెదికేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవారు లేరు. కర్ణాటక సంగీతాన్ని మాండలిన్ మీద పూర్తి కచేరీగా వాయించి పేరు పొందిన పెద్దలెవరూ అతని ఎదుట లేరు. అనుకరిద్దామన్నా మనిషి లేడు. అందువల్ల అతడు గురువు గొంతునే అనుసరించాడు. గొంతు ఎక్కడ ఊగితే తీగ అక్కడ ఊగాలి. గొంతు ఎక్కడ జారితే వేలు అక్కడ జారాలి.

ఇది మాటలలో చెప్పినంత సులభం కాదు. మన సంగీతానికి గమకం ప్రాణం. స్వరం కదలకుండా నిలిస్తే రాగం ముఖం కనిపించదు. మాండలిన్ పొట్టి వాద్యం. దాని మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది. నాదం నిలవకపోతే గమకం ఎలా పలుకుతుంది? అందుకని శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను చేపట్టాడు. అందులో మీటిన నాదం మరికొంతసేపు నిలుస్తుంది. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలను గమకానికి లాగడం కష్టం. కనుక అతడు అయిదు ఒంటి తీగలను అమర్చుకొన్నాడు. పాటకు తగినట్లు వాద్యాన్నే మార్చుకొన్నాడన్నమాట!

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో అతడు మొట్టమొదట కచేరీ చేశాడు. 1981 డిసెంబరులో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కాడు. అప్పటికి వయస్సు పన్నెండేళ్ళు. విదేశీ వాద్యం, పైగా విద్యుత్తుతో పలికే వాద్యం. శాస్త్రీయ సంగీతానికి ఇది తగునా అని సందేహించినవారు ఉన్నారు. ఒకప్పుడు వయొలిన్ కూడా ఇటువంటి కొత్త వాద్యమే. సందేహించినవారికి ఆ బాలుడు మాటలతో జవాబు చెప్పలేదు. చిరునవ్వుతో కూర్చొని వాయించాడు. వాద్యం ఏ దేశానిదో మరచి జనం రాగం విన్నారు.

తర్వాత ఆ మాండలిన్ దేశాలు దాటింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వినిపించింది. జాన్ మెక్లాలిన్, జాకీర్ హుస్సేన్ వంటి మహావిద్వాంసులతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో పలికింది. 'మాండలిన్' అనే మాట శ్రీనివాస్‌గారికి ఇంటిపేరయింది. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయన తమ్ముడు రాజేశ్‌గారు ఆయన వద్దనే నేర్చుకొని విద్వాంసులయినారు. తనకు లేని ఒరవడిని శ్రీనివాస్‌గారు తన తర్వాతివారికి ఇచ్చారు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళ వయస్సులోనే, చెన్నైలో ఆయన మరణించారు. సంగీత లోకం నివ్వెరపోయింది.

మెచ్చుకోవడమంటే

ఈ ముగ్గురి బాణీలు మూడు తీరులు. ఒకరి కమాను గాయకుని ఊపిరిలా సాగింది. ఒకరి గొంతు కొత్త రాగాలను వెదికింది. ఒకరి వేళ్ళు గురువు పాటను తీగ మీద పట్టుకొన్నాయి. అయితే ముగ్గురిలోనూ సమానమైనది ఒకటుంది. వారు ముందుగా బాగా విన్నారు. విన్నదానిని ఏళ్ళ తరబడి సాధన చేశారు. బాణీ కోసం వారు వెదకలేదు. సంగీతం కోసం వెదికారు. బాణీ వెంట వచ్చింది.

అభిమాన విద్వాంసుని లాగే తల ఊపవచ్చు, అలాగే చేయి తిప్పవచ్చు. అది వేషమే అవుతుంది. అదే కృతిని ఇద్దరు పాడగా విని, ఎవరు ఎక్కడ ఆగారో, ఏ మాటను ఎలా పలికారో గమనించడమే నిజంగా మెచ్చుకోవడం. అలా విన్న చెవికి తన దారి తనకే వినిపిస్తుంది. తెలుగు వచ్చిన పిల్లలకు ఆ కృతులలోని మాట కూడా తెలుసు. అది వారికి ఇంట్లోనే దొరికిన పెన్నిధి.

అభ్యాసము

కఠిన పదములకు అర్థములు: ఒరవడి - చూచి దిద్దడానికి వ్రాసి ఇచ్చిన నమూనా, కమాను - వయొలిన్ వాయించే విల్లు వంటి సాధనం, గమకం - స్వరాన్ని ఊపి పలికించడం, మంద్రం - క్రింది స్థాయి, అలవోకగా - అనాయాసంగా, ఒడుపు - నేర్పు, పెన్నిధి - గొప్ప నిధి.

ప్రశ్నలు:
1. బాణీ అంటే ఏమిటి? పాఠంలో దానిని దేనితో పోల్చారు?
2. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్‌కు ఎటువంటి గౌరవం తెచ్చారు?
3. మాండలిన్ వాయించడం తెలియని గురువు వద్ద శ్రీనివాస్ ఎలా నేర్చుకొన్నాడు?
4. శ్రీనివాస్ తన వాద్యంలో ఏయే మార్పులు చేసికొన్నాడు? ఎందుకు?

సంధులు: సంగీతోత్సవం = సంగీత + ఉత్సవం (గుణసంధి); మొట్టమొదట = మొదట + మొదట (ద్విరుక్తటకార సంధి).

చేసి చూడండి: ఒకే త్యాగరాజ కృతిని ఇద్దరు విద్వాంసులు పాడగా వినండి. రెండింటికీ గల తేడాలను అయిదు వాక్యాలలో వ్రాయండి. కృతిలోని తెలుగు పదాల అర్థాన్ని తెలుగు రాని ఒక స్నేహితునికి వివరించండి.