సెల్‌ఫోనులో వీడియో స్పష్టత: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

గ్రామసభ కార్యక్రమమును, వ్యవసాయ పాఠమును, బడిపిల్లల తరగతిని సెల్‌ఫోనులో చూచుట నేడు పల్లెలలో సామాన్యమైనది. పంచాయతీ నిధులతో టాబ్లెట్లను, పెద్ద తెరలను కొనవలెనను ప్రతిపాదనలును వచ్చుచున్నవి. అయితే ఒకే వీడియో ఒకరి ఫోనులో నిర్మలముగ కనుపించును. ప్రక్కవారి ఫోనులో మసకబారును. వేరొకరి ఫోనులో ధ్వని వినవచ్చునే కాని బొమ్మ రాదు. తెర పెద్దదైనచో బొమ్మ బాగుండునని తలచి సొమ్ము వెచ్చించినచో ఆ వ్యయము వృథా కావచ్చును. స్పష్టతను నిర్ణయించు అంశములు నాలుగు: వీడియోను కుదించిన పద్ధతి, దానిని విప్పగల ఫోను శక్తి, చేరవేయు నెట్‌వర్కు, ప్రసారసంస్థ ఇచ్చు అనుమతి. వీనిలో ఏది బలహీనమో దానిని బట్టియే మనకు బొమ్మ దక్కును.

చుక్కల లెక్క

తెరపై బొమ్మ అతిసూక్ష్మమైన చుక్కల కూర్పు. వీనిని పిక్సెళ్లందురు. 480 తరగతి బొమ్మలో పైనుండి క్రిందికి 480 వరుసలును, 1080 తరగతిలో 1,080 వరుసలును ఉండును. ఈ రెండవ తరగతిలో వరుసకు 1,920 చుక్కల చొప్పున ఒక్క బొమ్మకు 20,73,600 చుక్కలగును. చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు, సెకనుకు 30 బొమ్మలు అనుకొన్నచో, సెకనుకు 149 కోట్లకు పైగా బిట్లను పంపవలసివచ్చును. సామాన్యమైన సెల్‌ఫోను నెట్‌వర్కు ఇంత భారమును మోయజాలదు.

అందుచే వీడియోను కుదించి పంపుదురు. గ్రామసభలో సర్పంచి ప్రసంగించుచుండగా వెనుకనున్న గోడ కదలదు గదా! ఆ గోడను సెకనుకు ముప్పదిసార్లు పంపనక్కరలేదు. మారిన భాగమును మాత్రము పంపినచో చాలును. ఇట్లు కుదించి, తిరిగి విప్పు విధానమునకు కోడెక్ అని పేరు.

కోడెక్‌లు, ఫోనులు

2003లో ప్రమాణముగ వెలువడిన ఎచ్‌.264 పద్ధతి నేటికిని మిక్కిలి వ్యాప్తిలో నున్నది. 2013లో ఎచ్‌.265, వి.పి.9 పద్ధతులును, 2018లో ఎ.వి.1 పద్ధతియు వచ్చినవి. ఎచ్‌.264తో పోల్చినచో ఎచ్‌.265 సుమారు సగము బిట్లతోనే అంతటి స్పష్టతను ఈయగలదు. కాని కుదించిన పద్ధతిని విప్పుట ఫోనుకు తెలిసియుండవలెను. 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరుపై 35 మిల్లీమీటర్ల ఫిలిం రీలు ఎట్లు ఆడదో, ఇదియు నట్టిదే.

విప్పు పనికై ఫోను చిప్పులో ప్రత్యేక భాగముండును. అది లేనిచో ఆ భారము ప్రధాన ప్రాసెసరుపై పడును; ఫోను వేడెక్కును, బ్యాటరీ త్వరగా తరుగును, బొమ్మ తడబడును. క్రొత్త కోడెక్‌లు ఫోనులలోనికి వచ్చుటకు ఏండ్లు పట్టును. ఎ.వి.1ను విప్పు భాగము ఐఫోనులలో మొదటిసారిగ 2023లో, ఐఫోను 15 ప్రో నమూనాలయందు చేరినది. అంతకు ముందటి ఐఫోనులలో అది లేదు.

నెట్‌వర్కు, అనుమతి

ప్రసారసంస్థలు ఒకే వీడియోను పలు తరగతులలో సిద్ధపరచి, కొద్ది సెకనుల ముక్కలుగ చేసి యుంచును. నెట్‌వర్కు వేగమును కనిపెట్టుచు ఫోను తగిన తరగతి ముక్కను తెచ్చుకొనును. కాలువలో నీరు తగ్గినప్పుడు చివరి చేలకు తక్కువగ పారినట్లే, వేగము తగ్గినప్పుడు బొమ్మ మసకబారును.

డేటా వ్యయమును గూడ గమనింపవలెను. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు చూచినచో 450 మెగాబైట్లును, రెండున్నర మెగాబిట్ల చొప్పున చూచినచో 1,125 మెగాబైట్లును వ్యయమగును. కూలినాలి చేసికొను కుటుంబమునకు ఈ భేదము చిన్నది కాదు.

ఒక్కొక్కప్పుడు పరిమితి పైనుండియే వచ్చును. 2020 మార్చి 24న మన దేశములోని ప్రధాన ప్రసారసంస్థలు సమావేశమై, నెట్‌వర్కులపై భారము తగ్గించుటకై సెల్‌ఫోను నెట్‌వర్కులలో 480 తరగతికి మించకుండ ఏప్రిల్ 14 వరకు ప్రసారము చేయ నిశ్చయించినవి. అట్టి వేళ ఎంత మంచి ఫోనైనను ప్రయోజనము లేదు.

అనుమతి విషయమును గూడ ఎరుగవలెను. చందా చెల్లించి చూచు సినిమాలకు నకలు తీయకుండ రక్షణ ఏర్పాటుండును. ఆండ్రాయిడ్ ఫోనులలో వైడ్‌వైన్ అను వ్యవస్థ ఇందులకు వాడుకలో నున్నది. అందు ఎల్‌.1 స్థాయి గల ఫోనులకు ఉన్నత తరగతులు లభించును. ఎల్‌.3 స్థాయి మాత్రమే గలవానికి, తెర 1080 తరగతిదైనను, సాధారణముగ 480 తరగతియే దక్కును. అట్టి రక్షణ లేని ఉచిత పాఠములకు ఈ నిబంధన వర్తింపదు.

పంచాయతీల కర్తవ్యము

పరికరమును కొనునపుడు తెర కొలతతో తృప్తిపడరాదు. ఎచ్‌.264, ఎచ్‌.265, వి.పి.9, ఎ.వి.1 కోడెక్‌లలో వేనిని దాని చిప్పు స్వయముగ విప్పగలదో విక్రేతనుండి వ్రాతపూర్వకముగ తీసికొనవలెను. గ్రామములో చూడదలచిన వీడియోనే దానిపై పదినిమిషములు ఆడించి చూచిన పిమ్మట సొమ్ము చెల్లించుట క్షేమము.

గ్రామసభను చిత్రించి ప్రజలకు పంపునపుడు ఎచ్‌.264 పద్ధతిలో 480 తరగతి ప్రతిని తప్పక సిద్ధపరుపవలెను. అది పాత ఫోనులలోను ఆడును. డేటాయు తక్కువ పట్టును. లెక్కల పట్టికలు, లబ్ధిదారుల జాబితాలు చిన్న తెరపై చదువ శక్యము కావు గనుక వానిని పెద్ద అక్షరములతో చూపి, పైకి చదివి వినిపింపవలెను. భారత్‌నెట్ కేబులు పనిచేయుచున్న పంచాయతీ కార్యాలయములో వీడియోను ఒక్కసారి దిగుమతి చేసి, ప్రతులను ఫోనునుండి ఫోనునకు పంచినచో పలువురి డేటా మిగులును.

గ్రామసభ నిర్ణయము ఊరివారందరికి సంబంధించినది. క్రొత్త ఫోను గలవారికి మాత్రమే అది కనుపించినచో మిగిలినవారు సభకు దూరమైనట్లే. కావున ఊరిలో అన్నిటికంటె పాత ఫోనులో వీడియోను పరీక్షించి, అందు చక్కగా ఆడిన పిమ్మటనే దానిని పంపుట ప్రతి పంచాయతీయు అలవరచుకొనవలసిన పద్ధతి.