క్రొత్త చెఱకు రకములు: విడుదలకు మునుపే రైతు పొలమున పరీక్ష

ఇంకను విడుదల కాని చెఱకు రకమును రైతుల పొలములయందు నాటించుట ఏల యని మన సభ్యులు కొందఱు శంకించుచుందురు. లోపమున్నచో నష్టము రైతునకే గదా! శంక న్యాయమైనదే. కావున సంగతి వివరించుచున్నాము.

అనకాపల్లి చెఱకు పరిశోధన స్థానము 1913లో ఏర్పడినది. 87 ఎ 298, 93 ఎ 145 వంటి పేర్లలోని ‘ఎ’ అక్షరము అనకాపల్లిదే. అచ్చట దిగుబడిని, రసములోని పంచదార పాలును చక్కగా కొలతురు. కాని ఆ తోటకు ఒక నేల, ఒక నీటివసతి మాత్రమే గలవు. వానపై ఆధారపడిన మెట్టలో మొక్క ఎట్లుండునో, తుపాను నీరు నిలిచిన పల్లములో వేరు నిలుచునో లేదో, జడచుట్లు వేసినను గడ పడిపోవునో, కార్శి తోటలో పిలకలెట్లు వచ్చునో పలువురి పొలములలోనే తేలును. బెల్లము సంగతి మఱియు వేఱు. మిల్లునకు మేలైన గడ పెనములో నల్లని దిమ్మ నిచ్చుటయు గలదు. అందుకే చిరుసంచుల పరీక్ష.

ఈ పద్ధతి చెఱకునకే పరిమితము కాదు. 1991లో ఫిన్లాండు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్సు, కంప్యూటరును నడపు లినక్సు అను ఏర్పాటును అసంపూర్ణముగా నున్నప్పుడే, లోపలి వ్రాతతో సహా అందఱి ముందుంచెను. వాడినవారు తప్పులు చూపిరి, కొందఱు దిద్ది పంపిరి. అది నేడు లోకమంతట వ్యాపించినది.

అయితే ఒక భేదమును మఱువరాదు. కంప్యూటరు వ్రాతలోని తప్పును ఒక్క రాత్రిలో దిద్దవచ్చును. చెఱకు ముచ్చెలతో వ్యాపించునది. ఒక ఎకరము గడ ఎనిమిది పది ఎకరములకు విత్తనమగును, అందలి తెగులును వెంట పోవును. గోదావరి మండలమున ఎఱ్ఱకుళ్ళు తోటలను పాడుచేయగా, 1902లో బార్బరు దొర ఆధ్వర్యమున సామర్లకోట క్షేత్రము వెలసినది. మన కాలముననే, 2009లో విడుదలైన కో 0238 ఉత్తర ప్రదేశమున అత్యధిక భాగము నాక్రమించి, పిమ్మట అదే తెగులునకు లోనైనది. విడుదలైన రకమునకే ఇట్టి గతి పట్టగా, పరీక్షలోనున్న ముచ్చెలను చాటుగా బంధువుల కిచ్చుట ఎంతటి సాహసమో యోచింపుడు. ఈ అలవాటు మనలో లేదనుట అబద్ధమగును.

కావున పరీక్షకు కొన్ని సెంట్లు చాలును. ప్రక్కనే మీ పాత రకమును అదే దినమున నాటవలెను, ఎరువు, నీరు సమానముగా నీయవలెను. లేనిచో పోల్చుటకు ఆధారముండదు. పైనుండి మూడవ, నాల్గవ ఆకులు పసుపెక్కి వాడినచో గడను నిలువున చీల్చి చూడుడు. లోపల ఎఱుపు, అందు అడ్డముగా తెల్లని మచ్చలు, పులిసిన వాసన యున్నచో ఆ దుబ్బును వేళ్ళతో త్రవ్వి కాల్చి, వెంటనే పరిశోధన స్థానమునకు తెలుపవలెను. దాచినచో పొరుగు తోటయు పోవును.

మంచిని మాత్రమే వ్రాయుట మర్యాద యని కొందఱు తలంతురు. అధికారికి వలసినది మర్యాద కాదు, లోపము. మొక్క తోట నఱికినంతనే పుస్తకము మూయక కార్శి దిగుబడియు వ్రాయుడు. రెండు రకముల బెల్లమును వేర్వేఱుగా వండి, ఒక్కొక్క దిమ్మను వానకాలము గడచువఱకు నిలువయుంచి, రంగు మాఱినదో, చెమర్చినదో చూచి ఆ మాటయు చేర్పుడు.